అవతలి ఒడ్డు సిగ్నల్

పరికెలరేవుకు బస్సు రాదు.
కోటపల్లి దాటినంక మిరపచేల నడుమ
ఆటో ఎక్కడ మొండికేస్తే అక్కణ్నుంచి నడక.
నా సంచిలో ట్యాబ్, నీళ్ల సీసా,
ముప్ఫై రెండు ప్రశ్నలు.

చెన్నూరు ఆఫీసులో ఎవర్నడిగినా
"గసోంటి ఊరున్నదా?" అన్నారు.
ఉంది.
నలభై ఒక్క ఇల్లు. రెండు బోరింగులు, ఒకటి పనిచేస్తుంది.
ఎండుచేపల వాసన పట్టిన బడిగోడ,
దాని మీద సగం వేసి వదిలేసిన దేశపటం.
మన దిక్కు వచ్చేసరికి రంగు అయిపోయిందట.
ఖాళీ సున్నం మీద ప్రాణహిత గీతను మాత్రం
ఎవరో పిల్లలు బొగ్గుతో దిద్దారు,
అసలు నది కంటే వెడల్పుగా.

మొదటి ప్రశ్న: ఇంటి పెద్ద పేరు.
"మేడి రాజపోశం అని రాయి. నీళ్లల్ల ఉన్నడు."
నా వేలు ఆగిపోయింది.
"వల ఏస్తాండు బిడ్డా, పొద్దుగూకంగ వస్తడు" అని
నవ్వింది శంకరవ్వ.
పోయినవాళ్లను ఇక్కడ
ఒడ్డెక్కిండు అంటారట.

ఏడో ప్రశ్న: నెల ఆదాయం.
ఆమె తన అరచేతులు చూసుకుంది, లెక్క అక్కడున్నట్టు.
"కింద గేట్లు దించితె ఒక లెక్క, ఎత్తితె ఒక లెక్క.
దించితె గంగ మా పత్తిచేన్లకొస్తది,
చాప లోతుకు పోతది.
ఎత్తితె ఇసుక తేలుతది,
ఇసుక తేలితె లారీలొస్తయ్.
ఏ నెల రాసుకుంటవో నువ్వే చెప్పు."
ట్యాబ్‌లో అంకె తప్ప ఏమీ పడదు.

పదిహేను: పడవ రకం.
జాబితాలో మరపడవ ఉంది, నాటుపడవ ఉంది, పుట్టి కూడా ఉంది.
నాలుగు థర్మకోల్ పెట్టెలకు పాత ఫ్లెక్సీ చుట్టి
నైలాను తాడు బిగించిన తెప్ప లేదు.
ఆ ఫ్లెక్సీలో ఒక నాయకుడు
తలకిందులై రెండు చేతులా దండం పెడుతున్నాడు
నీళ్లకి.
"ఇతర" నొక్కాను.
ఆ రోజంతా నొక్కుతూనే ఉన్నాను.

ఇరవై నాలుగు: యువతకు ఉపాధి అవకాశాలు.
అప్పటిదాకా గోడవార కూచున్న రవళి,
ఇంటర్ తప్పి రెండేళ్లు,
ఒళ్లో చిరిగిన వల, పళ్ల మధ్య దారం,
తలెత్తింది.
"ఎందుకు లెవ్వక్కా, ఉన్నయ్.
లారీలకు చీటీలు రాసే పని మా అన్నకు దొరికింది.
ఆడు రాసిన కొద్దీ రేవు లోతైతాంది.
మొన్న మా అత్త కొడుకు దిగబడ్డడు, అలవాటైన జాగల్నే.
కొర్రమట్ట పిల్లలిస్తమన్నరు, బొచ్చెపిల్లలొచ్చినయ్,
డ్రమ్ములల్లనే సగం సచ్చినయ్.
గుట్ట మీద రిసార్టంట.
మా ఊరి పేరే పెడ్తరా అనడిగిన.
నోరు తిరుగుతలేదు, మార్చుకుంటమన్నరు."
దారం పుటుక్కున కొరికింది.
"నాకైతె ఒక్క ఐసుపెట్టె గావాలె.
అదుంటే మంచిర్యాల దాక పోయినా చాప పాడుగాదు.
సేటు చెప్పిన ధర కాదు, నేను చెప్పిన ధర."

రాశాను.
ఆ గడిలో పట్టింది ఇంతే:
ఐసుపెట్టె ఉంటే మంచి

పంపుదామని నొక్కితే తెర ఎర్రబడింది.
మీరు రాష్ట్రం బయట ఉన్నారు.
రవళి వంగి చదివి పకపకా నవ్వింది.
"మాకు దినాం గంతే! అవతలి ఒడ్డు టవరు.
లేవంగనే మహారాష్ట్రకు స్వాగతం అంటది ఫోను.
నడిమిట్లకు పోతె ఈ సర్కారూ దొరకదు, ఆ సర్కారూ దొరకదు.
చాపలు గూడ ఆడనే ఎక్కువ."

గుట్టెక్కితే మన సిగ్నలే వస్తుందన్నారు.
పొద్దు ఎర్రగా దిగుతోంది. చెప్పులు తొడుక్కున్నాను.
అంతలో రాజపోశం తెప్ప రేవుకు తగిలింది.
ఒడ్డెక్కాడు అనకూడదు కదా,
వచ్చాడు.

"అక్కా, జర ఈ కొస పట్టు."
ట్యాబ్ చంకలో ఇరికించుకుని పట్టాను.
వల బరువు వేళ్లలోకి, మోచేతుల్లోకి దిగింది,
లోపల ఏముందో ఇంకా కనపడదు, కొట్టుకోవడం తెలుస్తోంది.
ఎగిరొచ్చిన పొలుసొకటి తెరకు అంటుకుంది.
తుడుద్దామంటే చెయ్యి ఖాళీ లేదు.

"గట్టిగ పట్టు, జారుతాంది."