పేర్లు పెట్టడం

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో
మెట్ల కింద, చేపల వాసనలో, ఒక సర్వరు.
రెండు నెట్‌వర్క్ కార్డులు దానికి.
ఒకటి సముద్రం వైపు, పడవల కబుర్లకి;
ఒకటి లోపలికి, టికెట్ల కౌంటరుకి.

ముందు కళ్ళు తెరిచినది సున్నా,
తర్వాతది ఒకటి.
ఏళ్ళ తరబడి అదే వరస,
అది ఒట్టి అలవాటేనని ఎవరికీ తట్టలేదు.

జనవరి గాలికి కరెంటు పోయి వచ్చింది.
లేవడంలో వెనకది ముందు లేచింది.
ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు...
అంతే,
కౌంటరు సముద్రానికి టికెట్లు కోసింది,
పడవలు తమ అక్షాంశాలన్నీ
ప్రింటరుకి చెప్పుకున్నాయి.

రాత్రి రెండింటికి రన్వా,
తలమీంచి ఉన్ని టోపీ తియ్యకుండానే,
పేర్లు పెట్టడానికి కూర్చుని
ప్రతి పేరుకీ పేర్లు పెడుతోంది.

పుట్టిన వరసని ఇక నమ్మలేం.
పుట్టుమచ్చ?
ఫ్యాక్టరీలో పొడిచిన పన్నెండు గుర్తులు ఉన్నాయి.
కార్డు పోతే మాత్రం, అదే గూట్లోకి వచ్చిన కొత్తది
పరాయిదే.
పోనీ, కూర్చున్న చోటు?
మూడో బస్సు, సున్నా గూడు.
అది పేరా, చిరునామా?
కుర్చీ మారితే మనిషి పేరు మారిపోతుందా?

పాత డిస్కులో ఒక ఫైలు దొరికింది,
ఈ సిస్టం ఇప్పుడు చదవనిది.
అందులో ఒక కార్డు మచ్చ, దాని పేరు,
పక్కన హానుస్ చేత్తో రాసిన రెండు మాటలు:
"పిడుగు. పాపం."

పొద్దున్నే హానుస్ వచ్చాడు, రిటైరైన మనిషి,
కాఫీ చల్లారేదాకా విన్నాడు.
"గొర్రె చెవికి గాటు పెడతాం.
ఎవరిదో చెబుతుంది ఆ గాటు.
ఏ కొండెక్కిందో చెప్పదు.
నీకు కావలసింది ఏది?"

పదిహేను అక్షరాలు దాటకూడదు.
తన భాషలో ఒకదానికి సముద్రం అని,
ఇంకోదానికి నేల అని రాసింది రన్వా.
ఆ పేర్లని మళ్ళీ దేనికో ఒకదానికి కట్టక తప్పలేదు.
గూటికే కట్టింది, కొంచెం అయిష్టంగా.

ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టింది.
సముద్రం వచ్చింది. నేల వచ్చింది.
ఏది ముందో చూడలేదు.

కొత్త ఫైలు చివర
ఆ పిడుగు పడిన కార్డు వరసని కూడా ఎక్కించింది,
ముందు ఒక్క గుర్తు పెట్టి,
యంత్రం చదవకుండా దాటిపోయేలా.