నట్టుకి అవతల

రోలింగ్ షట్టర్ జారి పడి
ఎడమచేతి ఉంగరం వేలికి మూడు కుట్లు పడ్డాయి.
కుట్లు విప్పి ఏడాదైనా
పై తీగని పక్కకి తోసినప్పుడల్లా
వేలు షట్టర్‌ని తలుచుకుని తిట్టేది.

సన్న తీగలు వేసుకోమన్నారు.
శ్రుతి అర మెట్టు దించుకోమన్నారు.
డ్రమ్స్ వాయించే సెల్వమణి,
రిథమ్‌కి మారిపో అక్కా, అన్నాడు మెల్లిగా.
అదే ఎక్కువ నొప్పి.

పెరంబూరులో, లోకో వర్క్స్ స్టేషన్ వెనక సందులో
ధనకోటి నాయుడు.
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పైఆరేళ్లు టర్నరు.
గిటారుకీ నట్టు ఉంటుందంటే నవ్వాడు,
ఆయనెరిగిన నట్లు గుప్పెట్లో పట్టేవి కావు.

మెడ కింద మడిచిన లుంగీ పెట్టి
బల్ల మీద పడుకోబెట్టాడు.
ఒక కన్ను మూసి, పట్టాలు చూసినట్టు
తీగ వెంట చూపు పోనిచ్చి,
"బిగువు ఈ పక్క లేదు అమ్మణ్ణీ,
ఆ పక్కన ఉండాది."

నట్టుకీ బిరడాలకీ మధ్య
రెండు తీగల్ని అదిమిపట్టిన చిన్న రేకు.
స్ట్రింగ్ ట్రీ అంటారని చెప్పాను.
"ఇదొక చెట్టా!" అని స్క్రూ విప్పేశాడు.

వట్టి తీగ జుయ్‌మంది,
తంబురాకి జీవాళి పెట్టినట్టు.
రెండో మీటుకి గాడిలోంచి ఎగిరి పడింది.
నా మొహం చూసి,
"ఎక్కువైంది" అన్నాడు, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు.

అటక మీద పాత పంపు స్టవ్వు. దాని ఇత్తడి గొట్టం
లేతు మీద కోసి రేకు కింద పెట్టాడు.
ఐదు మిల్లీమీటర్లు. తల అడ్డంగా ఊపాను.
నాలుగు. ఇంకా ఎక్కడో ఒక ఈగ.
మూడున్నర.
గాడిలో పెన్సిలు పొడి రాసి, ఊది,
స్క్రూ బిగించి
చివరి పావు తిప్పు నాకు వదిలాడు.

తోశాను.
వేలు షట్టర్‌ని తలుచుకుంది.
తిట్టలేదు.

శ్రుతి అదే. ఏడు కిలోల లాగుడూ అదే.
తూకం ఎక్కడా తగ్గలేదు.
నేను తోస్తుంటే
నట్టుకి అవతల, ఎన్నడూ పాడని ఆ బెత్తెడు ముక్క
బస్సు సీట్లో ఎవరో ఒత్తిగిలి చోటిచ్చినట్టు
కాస్త జరుగుతోంది.
బదులుగా, అదే స్వరం అందాలంటే
ఇంకో నూలు దూరం తోయాలి.
దూరానిదేముంది, నడుస్తాను.
మొయ్యడమే చేతకావడం లేదు.

లోపల్నించి కేక:
"నా స్టవ్వు కోసినావా?"
ఆయన పలకలేదు.
షెడ్డులో సుత్తుల మోత
ఒక చెవిని పూర్తిగా, రెండోదాన్ని సగం
ఎప్పుడో తీసేసుకుంది.

"ఇంకోసారి వాయించు" అని
చూపుడు వేలు తీసుకెళ్లి
నట్టుకి అవతల, తీగ మీద ఆనించాడు.
ఆ బరువుకి
శ్రుతి రవ్వంత పైకి లేచింది.

నేను సరిచెయ్యలేదు.