పిలవని పేరంటం

మూడు రోజులు
బేస్ క్లాసులో ఒక మెథడ్‌ను నమ్ముకుని కూర్చున్నాను.
పేరు చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది:
"పేజీ కదిలేముందు".
నా క్లాసులో దాన్ని తిరగరాశాను,
లోపల ఒక్కటే లైను: వచ్చినట్టు లాగ్‌లో రాయమని.
ఎవరూ రాలేదు.

టార్టులో జనవరి. మూడున్నరకే చీకటి.
కిటికీ కింద ఎమయిగి గడ్డకట్టింది.
తల్లి ఏరు అని దాని పేరుకి అర్థం.
పైన జనం నడిచిపోతున్నారు,
అడుగున కదులుతోందో లేదో ఎవరికీ అక్కర్లేదు.

వెతికితే తేలింది,
ఫ్రేమ్‌వర్క్ మొత్తంలో దాన్ని పిలిచేవాళ్ళు సున్నా.
పక్కనే "పేజీ కదిలాక", "ముందస్తు తయారీ",
"తయారీకి ముందు తయారీ" –
మొత్తం పదకొండు మంది
పిలవని పేరంటానికి పట్టుచీరలు కట్టుకొచ్చి
గుమ్మంలో నిలబడ్డట్టు.
లోపల ఒక్క లైను లేదు.
పైన మాత్రం ఒక కామెంటు:
"తీయొద్దు. హె.రా., 2009."

హెల్దుర్ రాండ్మా రిటైరయ్యాడు.
ఫోన్ చేస్తే పెయిప్సి సరస్సు మంచుకి కన్నం పెట్టి
చేపలు పడుతున్నాడు.
"ఓ, అవా," అన్నాడు గాలి హోరులోంచి,
"నార్వా కస్టమ్స్ వాళ్ళు అడుగుతారనుకున్నాం. అడగలేదు."
మరి తీయొద్దని ఎందుకు రాశావు?
కాసేపు నీళ్ళు నమిలాడు.
"రాసిన రోజు ఏదో కారణం ఉండేది...
ఉండు, దారం లాగుతోంది."

తీసేశాను. పదకొండూ.
టెస్టులు నాలుగువందల పన్నెండు, అన్నీ పచ్చగా.
ఒక్కటైనా ఎర్రబడాలని
లోలోపల కోరుకున్నానేమో కూడా.

సోమవారం పొద్దున్నే వల్గా నుంచి ఫోను,
లైబ్రరీలో పనిచేసే తీయు:
"పుస్తకాల పేజీ తెరుచుకోవట్లేదు."
చూస్తే, అక్కడెవరో, ఎప్పుడో,
తన పని మొదలెట్టే ముందు ప్రతిసారీ
బేస్ క్లాసులోని "ముందస్తు తయారీ"ని పిలిచేవాడు.
అది ఏమీ చెయ్యదని తెలీక పిలిచాడో,
తెలిసీ, పెద్దవాళ్ళ చెవిన ఓ మాట వేసి
మొదలెట్టడం అలవాటో.
పదిహేనేళ్ళుగా
ఖాళీ గదికి చెప్పి వెళ్ళాడు.

ఆ ఒక్కదాన్నీ తిరిగి పెట్టాను.
"తీయొద్దు" చెరిపేసి రాశాను:
"ఇది ఏ పనీ చెయ్యదు. నమ్ముకుని కూర్చోకండి.
వల్గాలో ఒకరు పిలుస్తారు, అందుకే ఉంది."
కింద నా పొడి అక్షరాలు, తేదీ.

సేవ్ చేశాక తట్టింది,
రేపెవరో ఈ పొడి అక్షరాలకి ఫోన్ చేస్తారు.
నాకా, చేపలు పట్టడం రాదు.