తాసికకు ఇంత

చంద్రపూర్ కాలేజీలో నా పేరుమీద కుర్చీ లేదు.
స్టాఫ్‌రూం మూల, మీటరు పెట్టె కింద
ఒక ప్లాస్టిక్ స్టూలుంది.
దానిమీద ఎవరి హెల్మెట్టూ లేకపోతే నేను కూర్చుంటాను.

గంటసేపటి పాఠాన్ని మరాఠీలో తాసిక అంటారు.
నా జీతం తాసికకు ఇంత అని.
వారానికి తొమ్మిది.
దసరాకి సున్నా, దీపావళికి సున్నా,
జులైలో చెప్పినవాటికి మార్చిలో డబ్బు, వస్తే.

బల్లార్షా నుంచి పొద్దున్నే ఎర్రబస్సు.
పేపరుమిల్లు వాసన విసాపూర్ దాకా సాగనంపుతుంది,
అక్కణ్నుంచి బొగ్గుదుమ్ము అందుకుంటుంది.
ఒళ్లో ఎమ్మెస్సీ రెండో ఏడాది జీనోమిక్స్ నోట్సు,
టిఫిన్ డబ్బా నూనె అంటి
రెండో యూనిట్ అంతా అద్దంలా అయింది.

మాకు సీక్వెన్సర్ లేదు. గోడకి దాని ఫొటో ఉంది.
"ఫ్రిజ్ లెక్కనే ఉంది మేడం"
అన్నాడు నికేష్ దుర్గే మొదటిరోజు.
అవును, కాకపోతే దీన్ని కొనాలంటే
ప్రిన్సిపాల్‌తో సహా కాలేజీని అమ్మాలి అన్నాను.
పదకొండుమందీ నవ్వారు. ఆ ఏడాది అలా మొదలైంది.

కరెంటు పోయిందంటే
మూడొందల కోట్ల అక్షరాలు నల్లబల్ల మీదికి దిగాల్సిందే.
సుద్దముక్కతో ఎన్ని రాస్తాం? ఇరవై రాస్తాను.
ఏటీజీ జీటీజీ సీఏటీ...
పుస్తకానిది ఇంగ్లీషు, క్లాసుది మరాఠీ,
లెక్కపెట్టేటప్పుడు మాత్రం తెలుగే వస్తుంది నాకు,
గని మొగదల బొగ్గు టబ్బులు లెక్కించిన
మా తాత వరసలో, వేళ్లు మడుస్తూ.
ఇరవయ్యో అక్షరం ఏ.
అది టీ అయితే ఎర్రకణం కొడవలిలా వంగుతుంది.
ఆరేళ్లుగా ఇదే ఉదాహరణ.
సులువు. అయిదు మార్కులకి తప్పకుండా వస్తుంది.

ఆ రోజు బెల్లు కొట్టాక సుగంధ మడావి ఆగింది.
బస్సు పాసు వెనకనుంచి ఆసుపత్రి కార్డు తీసి
నా నోట్సు పక్కన పెట్టింది. అంచులు మెత్తబడిపోయాయి.
"మీరు ఉదాహరణ అన్నది ఇదేనా మేడం?"
ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆమెకి ఒకటే టీ. తమ్ముడికి రెండూ.
ఏటపల్లి అవతల ఊరు. చలి మొదలైతే
మోకాళ్లు పట్టుకుని రాత్రంతా కూర్చుంటాడట,
పొద్దున సైకిలు మీద బడికి పోతాడట.

ఏమనాలో తోచలేదు.
డస్టర్ తీసుకుని బల్ల దాకా వెళ్లి, చెరపలేక,
ఎందుకో మళ్లీ మొదటి అక్షరం నుంచి లెక్కపెట్టాను.
రెండు దగ్గర ఆమె గొంతు కలిసింది, తన గోండీలో.
రండ్. మూండ్. నాలుంగ్.
ఆగి, మళ్లీ అనమన్నాను.

ఖాళీ ఉన్నచోట రాసుకున్నాం
రెండు కింద రండ్, మూడు కింద మూండ్, నాలుగు కింద నాలుంగ్,
కలిసినచోట నిలువుగీత, కలవనిచోట చుక్క.
సెమిస్టరంతా తిప్పలుపడి చెప్పిన ఎలైన్‌మెంట్
ఇంత చిన్నదా అంది.
ఐదుకి సయ్యుంగ్, ఆరుకి సారుంగ్.
ముందున్న ఆ స
వాళ్లకి వచ్చి చేరిందో మాకు రాలిపోయిందో
ఇద్దరివి పెట్టుకుని తేల్చలేం, మూడోది కావాలి అన్నాను.
"కోలామీ తెస్తా, మా హాస్టల్లో పిల్ల ఉంది."

ఒకటి మాత్రం అస్సలు కలవలేదు. వాళ్లకది ఉండి.
మా భాషలో ఉండి అంటే,
వెళ్లకుండా, ఇక్కడే, అని చెప్పబోయి
మరాఠీ మాట దొరక్క స్టూలు చూపించాను.
అప్పుడు నవ్వింది.

ప్యూన్ గవండే తాళాలు ఊపుకుంటూ వచ్చేసరికి ఐదూ యాభై.
అయిదున్నర బస్సు పోయింది.
స్టాండులో బిల్లు ఫారం నింపాను.
ఈనాటి తాసికలు, అంకెల్లో: 1.
అక్షరాల్లో అన్నచోట మరాఠీ లిపిలో ఉండి అని రాసి,
కొట్టేసి, ఎక్ అని రాశాను.

కొట్టివేత ఉంటే అకౌంట్స్‌లో ఠేంగే తీసుకోడు.
కొత్త ఫారం రెండు రూపాయలు.