లాంచీకి ముందు రోజు

గుంటూరు నుంచి బెజవాడ గంట ప్రయాణం.
ముప్పై మూడేళ్ల సర్వీసులో వందసార్లు వచ్చుంటాను:
రైలు మారడానికి,
కోర్టులో సాక్ష్యానికి,
ఆడపడుచు కాన్పుకి,
ఐస్ డబ్బాలో రక్తం సీసాలు ఒళ్లో పెట్టుకుని ఒకసారి.
చూడ్డానికి రావడం ఇదే మొదలు.

గవర్నరుపేటలో లాడ్జి. నలుగురికి రెండు గదులు, ఒకటే బకెట్టు.
మంచం మీద దుప్పటి నాంచారమ్మకి నచ్చలేదు.
ఊడదీసి మళ్లీ పరిచింది,
మూలలు మన వార్డు మడత.
"రిటైరైనా చెయ్యి ఊరుకోదు కదే" అంది మస్తాన్‌బీ
మనవడి క్రికెట్ టోపీ నెత్తిన పెట్టుకుంటూ.

రేపు ఎనిమిదింటికి లాంచీ. అమరావతి దాకా నీళ్ల మీదే.
ఇవాళ ఊరు.

ఆటో అబ్బాయి అద్దంలోంచి అడిగాడు
"ఎక్కడినుంచమ్మా టూరు?"
గుంటూరంటే నవ్వు ఆపుకోలేకపోయాడు.
"దానికి లాడ్జెందుకండీ, రాత్రికి ఇంటికెళ్లి పొద్దున్నే రావచ్చుగా!"
"ఇంటికెళితే ఇక టూరు ఎట్లా అవుద్దయ్యా?"
శాంతకుమారి ఆ మాట అన్నాక
బారేజీ దాటేవరకూ అతను మాట్లాడలేదు.

ఉండవల్లి మెట్లు. మోకాళ్లు ఒక్కొక్కటీ పేరు చెప్పి ఏడ్చాయి.
పైన చీకట్లో పడుకుని ఉన్నాడు రాతి స్వామి,
నిద్రో, యోగమో.
మస్తాన్‌బీ టార్చి వేసి తల నుంచి పాదాల దాకా చూసింది,
డ్యూటీ అప్పగించుకుంటున్నట్టు.
"ఇన్ని వందల ఏళ్లు వెల్లకిలా పెట్టారు.
రెండు గంటలకోసారి పక్క మార్చాలని
ఒక్కళ్లకీ తోచలేదా?"
గైడు బిత్తరపోయాడు.
మేం నవ్విన నవ్వు గుహలో తిరిగి తిరిగి
మా మీదికే వచ్చింది.

తర్వాత గాంధీ కొండ.
కింద మూడు కాలవలు,
ఊరికి ఎవరో ఒకేసారి
మూడు సెలైన్లు ఎక్కించినట్టు.
తర్వాత బీసెంట్ రోడ్డు,
తలొక జత రబ్బరు చెప్పులు, బేరం అరగంట,
తగ్గింది పది రూపాయలు.
తర్వాత మ్యూజియం మూసేసి ఉంది, సోమవారమో ఏమో,
గేటు ముందే ఫోటో దిగాం.

సాయంత్రం బారేజీ మీద నడుద్దామన్నారు.
సరే అన్నాను.

ఎనభై ఎనిమిదిలో, వానలో,
ఇదే బారేజీ మీద అంబులెన్సు.
మిరప యార్డులో బస్తాలు కూలి మీద పడ్డ కుర్రాడు.
నా మూడు వేళ్లు వాడి మణికట్టు మీద,
కళ్లు గడియారం మీద.
అటు ఏరు పొంగుతోందట, జనం గొడుగులేసుకుని చూస్తున్నారట.
నేను చూళ్లేదు.
ఎక్కడో సగం దాటాక
వేళ్ల కింద ఏమీ లేదు.
ఏ గేటు దగ్గరో లెక్క పెట్టుకోలేదు అప్పుడు.
ఇవాళ లెక్క పెట్టాను.
ముప్పై, ముప్పై ఒకటి, ఇదేనేమో, అదేమో,
అన్ని గేట్లూ ఒక్కలాగే ఉన్నాయి.

ఆగిపోయానని వాళ్లకి తెలిసింది.
ఎందుకని అడగలేదు.
శాంతకుమారి పిట్టగోడకి చేతులానించి
తనకున్నవి తను చూసుకుంటోంది.
మస్తాన్‌బీ వెళ్లి మొక్కజొన్న పొత్తులు తెచ్చింది,
నిమ్మకాయ, కారం.
నాలిక చుర్రుమంది.
నీళ్లు ఎంత వెడల్పో అప్పుడు చూశాను.

రాత్రి లాడ్జిలో వంతులవారీగా
ఒకే బకెట్టులో ఉప్పునీళ్లు, ఎనిమిది పాదాలు.
"లైఫ్ జాకెట్లు ఇస్తారు కదా?" నాంచారమ్మ మూడోసారి అడిగింది.
ఇస్తారే.
"నా సైజుదీ?"

రెండింటికి మెలకువ వచ్చింది. రౌండ్స్ వేళ.
లేచి చూశాను.
ముగ్గురూ ఊపిరి తీస్తున్నారు,
ఒకరు గురక పెట్టి మరీ.
రాయడానికి చార్టు లేదు.
వీధిలో ఎవరో షట్టరు దించారు.
కొత్త చెప్పులు నాలుగు జతలు గుమ్మం దగ్గర,
ముందే నిద్రలేచినవాళ్లలా.
వెళ్లి పడుకుని,
వెల్లకిలా ఉన్న నన్ను
నేనే
ఓ పక్కకి మార్చుకున్నాను.