సర్దుతున్న

మిర్యాలగూడ. పింఛనుదార్ల భవనం మేడ మీద
నాలుగో బల్ల.
కిటికీలకెళ్ళి ఉప్పుడు వడ్ల ఆవిరి వాసన,
మిల్లులకు ఆదివారం లేదు.
నల్ల బంటు ఒకటి తప్పిపోయి ఏడాదైంది
దాని జాగల అమృతాంజనం సీసా మూత
కాపలా కాస్తది.

ఎదురుంగ రూప్లా, దామరచర్ల రూటు కండక్టరు.
పావు కదిపితే టికెట్టు చింపినట్టే.
టక్కున గడియారం నొక్కి
పెన్ను చెవి సందుల పెట్టుకుంటడు.
పదకొండేండ్ల సంది ఆడుతున్నం.
ఆయన గెలిచినయి ఎక్కువ,
నేను చెప్పుకున్నయి ఎక్కువ.

ముప్పై ఎనిమిదో ఎత్తు.
నాకు ఏనుగు, రెండు బంట్లు.
ఆయనకు ఏనుగు, ఆ మూత.
నా గడియారంల రెండే నిమిషాలు.
షే చెప్పుదామని
ఏనుగు నెత్తి మీద వేలు పెట్టిన.
అప్పుడు కనబడ్డది
ఇది జరిగితే వెనక బంటు దిక్కులేనిదైతది.

వేలు కాలినట్టయింది.
"సర్దుతున్న" అన్న
నాకే వినబడనంత సన్నగ,
ఏనుగును గడి నడుమకు జరిపిన.
అది మొదటికెళ్ళి నడుమనే ఉన్నది.

ముట్టకముందు అనాల్సిన మాట అది.
ఆర్బిటరు మెట్ల కాడ
చాయ్ పైసల లెక్కల ఉన్నడు.
రూప్లా కాయితం మీద ఎత్తు రాసుకుంటున్నడు,
తల ఎత్తలే.
నేను రాజును నడిపిన, ఒక్క గడి.

ఇంక పదిహేడు ఎత్తులు.
బంటు మంత్రయింది.
మూత బల్ల అంచు దాటి
కింద బండల మీద చాలాసేపు దొర్లింది.
రూప్లా చెయ్యి కలిపిండు.
"మంచిగ ఆడినవ్" అన్నడు.

నేను మిల్లుల కాటా గుమాస్తాను.
ఇరవై ఏండ్లల గింజ తేడా రాలేదని
సావుకారు నలుగురిల అంటడు.

తెల్లారి వాడపల్లికి పని పడి
ఆయన బస్సే ఎక్కిన.
రైతు బజారు కాడ ఒక పిలగాడు మెట్టెక్కి
ఇది నా బస్సు కాదని దిగబోయిండు.
"కాలు పెట్టినంక టికెట్టు కొట్టుడే బిడ్డా!"
బస్సంత నవ్వింది.
పిలగాన్ని భుజం పట్టి మెల్లగ దించి
రైట్ రైట్ అన్నడు రూప్లా.

నా సీటు కాడికొచ్చిండు.
నోటు తీసుకున్నడు, టికెట్టిచ్చిండు,
చిల్లర నా అరచేతుల పోసి
రూపాయి బిళ్ళల్ని వేలితోటి
ఒకదాని మీద ఒకటి సర్దిండు.
ఏమనలే.
ముందుకు పోయిండు.

వాడపల్లి దాక
పిడికిలి విప్పలే నేను.