అదే గీత మీద

మరజో దీవి నుంచి పడవలో వచ్చింది ఇరసిల్డా,
రెండు కొక్కేల మధ్య కట్టిన ఊయల్లో పడుకుని,
కింద ఓ ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని.
బకెట్‌లో ఏముందని దారిపొడుగునా ఎవరూ అడగలేదట.
అడిగేదేముంది.

బెలేంలో మధ్యాహ్నం వాన ఠంచనుగా పడుతోంది.
గౌను పక్కకి తీశాను.
ముగ్గురు పిల్లలు వచ్చిన దారి, ఒకటే గీత.
ప్రతిసారీ పాత కుట్టు మీదే కోసి
మళ్లీ అక్కడే కుట్టేస్తాం.
చర్మం లెక్క చెప్పదు.

స్కానింగ్ గదిలో డాక్టర్ టార్సీలా చాలాసేపు మాట్లాడలేదు.
బిడ్డ బాగుంది, అంది చివరికి.
మాయే.
పాత కోత మీద కూర్చుంది,
కూర్చోవడం కాదు, వేళ్లు దించింది,
గర్భసంచి గోడ దాటి మూత్రాశయం దాకా.
వదలదు. లాగితే నెత్తురు.

"మూడుసార్లు ఏమీ కాలేదు కదమ్మా?" అంది ఇరసిల్డా.

మా అమ్మ దర్జీ.
చిరిగినచోటే మళ్లీ మళ్లీ కుడితే
గుడ్డ ఏదో ఒకరోజు దారాన్ని పట్టదనేది.
ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.
అప్పటికే పాత ఫైలు తెరిచాను మరి.

మొదటి కాన్పు. ఇదే ఆస్పత్రి. శుక్రవారం.
పందొమ్మిదేళ్లు. నొప్పులు నిదానం. బిడ్డ గుండె సవ్యం.
"ఆదివారం దాకా ఎవరు కాచుకుంటారు" అన్నాడు అప్పటి పెద్ద డాక్టరు,
జేబులో కారు తాళాలు గలగలమంటుంటే.
అడుగున నర్సు సంతకం,
తోక బాగా సాగిన ఆ చివరి అక్షరంతో సహా
నాదే.
కత్తి అందించాను. దారం తుంచాను.
"చూశావా, ఇట్టే అయిపోయింది" అని
ఆ పిల్ల చెంప తట్టింది కూడా నేనే.

రక్తం నాలుగు సంచులే ఉంది.
ఆమె భర్త ఎద్వాన్ రాత్రికి రాత్రి
అసాయి పళ్ల బజారుకి పరుగెత్తాడు.
తెల్లారేసరికి హమాలీలు వచ్చారు,
బుట్టలు దించిన కాళ్లతోనే,
ఊదారంగు దిగని వేళ్లతో.
"ఎంతమందికి ఇదంతా?" అన్నాడొకడు.
ఒక్కరికే అన్నాను. నమ్మలేదు.

బిడ్డ పది నిమిషాల్లో బయటపడింది. ఆడపిల్ల.
తర్వాత నాలుగు గంటలు.
తడిసిన గుడ్డలు లెక్కపెట్టడం నా పని,
నలభై దాటాక తప్పిపోయి
మళ్లీ ఒకటి నుంచి.
మాయతో పాటు గర్భసంచీ వచ్చింది ట్రేలోకి.
నలుగురు కాపురమున్న ఇల్లు.
బరువు రాసుకుని మూత పెట్టాను.

ఆరోరోజు లేచి కూర్చుంది, కట్టు కిందికి చూసుకుంది.
"అదే గీత మీద కాదే?"
ఈసారి నిలువునా, అన్నాను.
అడ్డగీతని దాటుకుని బొడ్డు పైదాకా.
చర్మానికిప్పుడు దాపరికం లేదు.

మంచం పక్కన వాళ్ల చెల్లెలు, ఏడో నెల, తొలిచూలు.
క్యాలెండరు వైపు చూస్తూ అడిగింది,
"నాకు ఏ రోజు పెడతారు?"

డ్యూటీ అయి గంటయింది.
కుర్చీ లాక్కుని
ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను.